వీపు వెనక అక్షరాలు

మనసులో అనుకున్న ప్రార్థన కూడా దేవుడికి వినబడుతుందని చిన్నప్పుడు నాకు చెప్పారు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఆ నమ్మకం పక్కనే ఒక సందేహం చాలా ఏళ్ళుగా నాతో కాపురం చేస్తోంది. అనుకోకుండా మన నోట్లోంచి జారిపోయే నిట్టూర్పు సంగతేమిటి? అది ప్రార్థన కాదు, తిట్టూ కాదు. ఫలానావాళ్ళకని వదిలింది కూడా కాదు. దాన్నీ ఆయన వింటాడా? వింటే, ఎవరి మీద చెప్పిన మాటగా వింటాడు?

ఎవరినైనా అడుగుదామంటే, ఇంత వయసొచ్చి ఇదా అడిగేది అంటారని ఊరుకున్నాను. ఆయన దాకా ఎందుకు, మా అక్కయ్యకి ఒక్క నిట్టూర్పు అందినందుకే ఇల్లు తలకిందులైంది. అక్కయ్యకి తొమ్మిదో ఏట జ్వరంతో వినికిడి పోయింది. అందుకని వినబడింది అనలేను. ఆ నిట్టూర్పు ఆవిడకి కనబడింది.

ఇవాళ పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు నా పక్కన అక్కయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది. లేచి హాల్లోకి వస్తే, కిటికీ పక్క కుర్చీలో అక్కయ్య బట్టల సంచి కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఆవిడదే. వెలుతురు ఎదుటివాళ్ళ మొహాల మీద పడుతుందనీ, పెదవులు తేటగా కనబడతాయనీ ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. ఇవాళ సంచిని కూర్చోబెట్టి తను నిలబడింది.

నేను భోజనాల బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాను. మా ఇంట్లో అక్కయ్యతో మాట్లాడాలంటే ముందు అలా కొట్టాలి. చెక్క అదిరితే ఆవిడ తలెత్తుతుంది.

తలెత్తలేదు. బల్ల మీదున్న చెయ్యి తీసేసింది.

"అక్కయ్యా," అన్నాను ఎదురుగా వెళ్ళి నిలబడి. "ఆ మీది గదిలో కుళాయి కూడా లేదు."

"కింద ఉందిగా."

"ప్రతిసారీ మెట్లు దిగుతావా?"

"దిగుతాను. ఇన్నేళ్ళు నీ మిషను తొక్కిన కాళ్ళు నాలుగు మెట్లు దిగలేవా?"

మాకు కర్టెన్లు కుట్టే దుకాణం ఉంది. కత్తిరించేది నేను, కుట్టేది అక్కయ్య. దుకాణం మీద పాత సామాను పడేసుకునే గది ఒకటుంది. అందులోకి మకాం మారుస్తానని నిన్న సాయంత్రం టీవీ కట్టేసి మరీ ప్రకటించింది. ప్రకటించింది అనే అనాలి. తన గొంతు ఎంత పైకి పోతుందో ఆవిడకి తెలియదు కాబట్టి వీధి చివరిదాకా వినబడింది. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, మర్యాదగా మళ్ళీ దాక్కున్నాడు.

"ఒక్క నిట్టూర్పుకి ఇల్లు వదిలిపోతారా ఎవరైనా?" అన్నాను.

"ఒక్కటేనా?" అంది అక్కయ్య, నా పెదవుల మీంచి చూపు తిప్పకుండా.

నేను పెదవులు మూసేశాను. మా ఆవిడ ఎన్ని నిట్టూర్పులు విడిచిందో దేవుడి తరవాత నాకే తెలుసు.

నిన్న జరిగింది ఇది. మా అమ్మాయి ఒక టీవీ చానెల్లో తెర మీద పడే అక్షరాలు తయారు చేస్తుంది. అందరం దాన్ని దరువు అంటాం. పసితనంలో చెక్క మంచం మీద పడుకుని మడమలతో తెగ తన్నేది. ఆ అదురు నేలలోంచి అక్కయ్య పాదాలకి అందేది. "లేచింది, దరువేస్తోంది," అని మా అందరికంటే ముందు ఆవిడే చెప్పేది. ఆ పేరు ఉండిపోయింది.

వినబడనివాళ్ళ కోసం మాటలు రాసిపెట్టడం పాత పనే. దరువు అక్షరాలకి చప్పుడు నేర్పుతుంది. గుసగుసలాడితే అక్షరం నలిగిన దారంలా సన్నబడుతుంది. కోపమొస్తే లావెక్కుతుంది. బండి దూరం నుంచి వస్తుంటే తెర అంచున చీమంత మొదలై, పెద్దదవుతూ అడ్డంగా పోతుంది. ఉరిమితే అక్షరాల కాళ్ళు వణుకుతాయి. ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్కనే, వాళ్ళ రంగులో మాట పుడుతుంది.

ఇందులో సగం అక్కయ్య బుర్రలోంచి వచ్చిందే. "వాన అని రాసి చేతులు దులుపుకోకు. రేకుల మీద పడుతోందా, మట్టి మీద పడుతోందా?" అని నిలదీసేది. తొమ్మిదేళ్ళ దాకా విన్నవన్నీ ఆవిడ ఒక్కటి పారెయ్యకుండా దాచుకుంది. దరువు ఒక్కొక్కటే అడిగి తీయించుకుని, వాటికి తెర మీద ఒళ్ళు ఇచ్చేది.

నిన్న ఆ అక్షరాలతో ఒక సీరియల్ భాగం మా హాల్లోనే వేసింది. అక్కయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా చూసింది. ఒకచోట తెర లోపలివాళ్ళకంటే ముందే నవ్వింది. తరవాత ఆ కథలో ముసలావిడ గదిలోంచి వెళ్ళిపోతుంది, వెనక కోడలు నిలబడి ఉంటుంది. ఆ కోడలి నోటి దగ్గర బూడిదరంగు అక్షరాలు పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, మెల్లిగా కిందికి వాలిపోయాయి. 'నిట్టూర్పు. వెళ్ళేవాళ్ళకి వినబడనంత.'

అక్కయ్య వెనక్కి తిప్పించి చూసింది. మళ్ళీ చూసింది. ఆ తరవాత తెరని వదిలేసి మా ఆవిడ భుజాల వంక చూసింది.

"ఇది నీదే," అంది.

నిజంగా మా ఆవిడదే. సీరియల్లో ఆ నటి ఊపిరి మరీ పేలవంగా ఉందని, అక్షరాలు ఎలా లేచి ఎలా వాలాలో తేలక, దరువు వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్ళమ్మని చూసి ఆ పోలిక పట్టేసింది. అక్కయ్య ఎన్నోసార్లు గదిలోంచి వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగితే, మా ఆవిడ భుజాలు అప్పుడే కిందికి దిగుతూ కనబడేవట. ఎందుకో అర్థమయ్యేది కాదట.

నిన్న అర్థమైంది.

ఇవాళ వంటింట్లో ఇంకో యుద్ధం నడుస్తోంది.

"నీ అక్షరాలు కొంప ముంచాయి," అంటోంది మా ఆవిడ కూరగాయలు తరుగుతూ. "ఇంత లోకంలో నీకు నా ఊపిరే దొరికిందా?"

"నీది చాలా బాగుంటుందమ్మా," అంది దరువు గుమ్మానికి ఆనుకుని. "లేచాక ఒక్క క్షణం ఆగుతుంది. అందరివీ అలా ఆగవు."

"మెచ్చుకుంటున్నావా, ఎత్తిపొడుస్తున్నావా?"

"రెండూను."

మా ఆవిడ కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. ఆవిడ కుళాయి సరిగ్గా కట్టదు. కారుతోందని ఆవిడకి తెలియదు. తలుపు వేస్తే గోడలు ఊగుతాయి. ఆవిడకి తెలియదు. కుర్చీ ఈడిస్తే నా పళ్ళు జివ్వుమంటాయి. అన్నీ సర్దుకుంటూ వెనకాలే తిరుగుతాను. ఇన్నేళ్ళలో ఒక్క పల్లెత్తు మాట అన్నానా?"

"అనలేదు."

"ఒక్క ఊపిరి వదిలాను. దానికి కూడా లెక్క చెప్పాలా?"

ఆ లెక్క తెలిస్తే నేను దేవుణ్ణి అడుగుతూ కూర్చోను కదా.

ఇంతలో దరువు ఫోను మోగింది. చానెల్లో దాని పై ఆఫీసరు, అందరూ మేడమ్ అనే ఆవిడ. దరువు పెరటి గుమ్మం దాకా వెళ్ళి, "ఊ... ఊ... అది కాదు మేడమ్... సరే మేడమ్," అని తిరిగొచ్చింది.

"వెనక చప్పుళ్ళు తీసెయ్యమంటోంది నాన్నా. మనిషి అటు తిరిగినప్పుడు వెనక పుట్టే నిట్టూర్పులు, గొణుగుళ్ళు, అవన్నీ. చూసేవాళ్ళకి చిరాకేస్తుందట, మాటలుంటే చాలట. మధ్యాహ్నం లోపల పంపమంది."

"నువ్వేమన్నావు?"

"నిన్నటి దాకా వాదించాను. ఇవాళ నోరు రాలేదు. మన ఇంట్లోనే ఇంత రభస అయితే, ఇంకెన్ని ఇళ్ళలో అవుతుందో. తీసేస్తాను."

"తీసిపారెయ్," అంది వాళ్ళమ్మ వెంటనే.

"తీసేస్తే నిట్టూర్చనట్టేనా?" అన్నాను నేను.

తల్లీకూతుళ్ళిద్దరూ నా వంక ఒకేలా చూశారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరికీ పోలిక బాగా కుదిరింది.

దరువు కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్క బూడిదరంగు అక్షరాన్నే చెరపడం మొదలుపెట్టింది. ఆ పని చేస్తుంటే దాని మొహం, బాగా కుట్టిన కుట్టు విప్పాల్సి వచ్చినప్పుడు అక్కయ్య మొహం ఉన్నట్టే ఉంది. అక్కయ్య ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో నేను చూడలేదు.

"ఎవరిని అడిగి తీస్తున్నావు?"

దరువు ఉలిక్కిపడి, వెలుతురు మొహం మీద పడేలా తిరిగింది. "మేడమ్ తీసెయ్యమంది అత్తా. నాకూ తీసెయ్యాలనే ఉంది. నిన్న నువ్వు ఏడ్చావు."

"ఏడిస్తే? వినబడేవాళ్ళు టీవీ చూసి ఏడవరా? వాళ్ళకి అన్నీ ఉంచి, నాకు మాత్రం గింజలు తీసి పెడతారా, పసిపిల్లకి పండు పెట్టినట్టు?"

"నీ కోసమే కదత్తా."

"అందరూ నా కోసమే. మీ అమ్మ కూడా నా కోసమే." అక్కయ్య గొంతు పైకి లేచింది. "ఆవిడ కూరలబ్బాయితో పోట్లాడుతుంది. పక్కింటివాళ్ళతో పోట్లాడుతుంది. నా తమ్ముడి సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి దేవుడితో పోట్లాడటం కూడా చూశాను, పెదవులు బాగానే కనబడ్డాయి. నాతో ఒక్కసారి పోట్లాడిందా? నాకు ఒళ్ళు మండింది ఆ ఊపిరికి కాదే దరువూ. మొహం మీద చెప్పాల్సింది వీపుకి చెప్పింది చూడు, దానికి."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అక్కయ్యకి వెనక. ప్రతి మాటా విన్నది. ఆవిడ భుజాలు లేచాయి. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ లేచిన ఊపిరి ఆ తరవాత ఎటు పోయిందో నాకు తెలియలేదు.

"వెళ్ళేముందు ఒక్కపూట మీతో తింటాను," అంది అక్కయ్య. "ఆ కంప్యూటరు బల్ల చివర పెట్టు. ఈ ఇంటికి అక్షరాలు వెయ్యి."

"అత్తా, అది..."

"వెయ్యి. నచ్చకపోతే కళ్ళు మూసుకుంటాను."

అలా మేం నలుగురం భోజనానికి కూర్చున్నాం. దరువు కంచం పక్కకి నెట్టి, విన్నది విన్నట్టు టైపు చేస్తూ తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు పెట్టింది. అందరం మొదట గాజు సామాన్ల మధ్య నడుస్తున్నట్టు మెసిలాం. అయినా తెర ఖాళీగా ఉండలేదు.

'గరిటె, గిన్నె అంచుకి. కావాలని కాదు.'

'నాన్న గొంతు సవరించుకున్నారు. మాట రాలేదు.'

"అది కూడా వెయ్యాలా?" అన్నాను.

'నాన్న, నొచ్చుకుని.'

అక్కయ్య ఫక్కున నవ్వింది. కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త లాక్కుంది. తెర నిండా, అంచుల దాకా, గీసుకుపోయినట్టున్న అక్షరాలు లేచాయి. 'కుర్చీ. మా ఇంటికీ పక్కింటికీ సరిపోయేంత.'

అక్కయ్య చదివింది. వంగి కుర్చీ కాళ్ళ వంక చూసింది. "ఇది నేనేనా?"

దరువు తలూపింది.

"రోజూనా?"

మళ్ళీ తలూపింది.

అక్కయ్య ముద్ద నోట్లో పెట్టుకుంది. 'అత్త నములుతోంది.' ఆవిడ దవడ ఆగిపోయింది. "దీనికి కూడా చప్పుడుందా?"

"నీ దానికి ఉందత్తా."

"దేవుడా," అని అక్కయ్య నోరు మూసుకుని నమలడానికి ప్రయత్నించింది. మా ఆవిడకి నవ్వొచ్చి పొలమారింది. అది కూడా తెర మీదికి వెళ్ళింది. ఈ కాసేపూ ఇలాగే సాగితే చాలు, సంచి సంగతి అందరూ మరిచిపోతారు అనుకున్నాను.

అక్కయ్య నీళ్ళకని లేచింది. చెంబు నింపుకుని, కుళాయి కట్టి వచ్చి కూర్చుంది. తెర ఎడమ అంచున, వంటింటి వైపు, ఒక చిన్న అక్షరం రాలింది. ఆగింది. ఇంకొకటి రాలింది.

'చుక్క.'

'చుక్క.'

అక్కయ్య దాన్నే చూస్తూ ఉండిపోయింది. లేచి వెళ్ళింది. తెర ఖాళీ అయింది. తిరిగొచ్చి, తెర ఇంకా ఖాళీగానే ఉందో లేదో చూసుకుని కూర్చుంది.

"ఇన్నేళ్ళూ దాన్ని ఎవరు కట్టారు?"

'అమ్మ మంచినీళ్ళు మింగింది,' అని పడింది తెర మీద.

అక్కయ్య నా వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"బాధపడతావని."

"చెప్పుంటే ఆ ఒక్కరోజు బాధపడేదాన్ని. మర్నాటి నుంచి గట్టిగా కట్టేదాన్ని. ఇప్పుడేమో ఇన్నేళ్ళ చుక్కలూ ఒక్కసారి నా నెత్తిన పోశారు."

అది అన్నాక ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, మా ఆవిడకి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. కిటికీ వెలుతురు మా ఆవిడ మొహం మీద పడుతోంది.

"అమ్మాయ్," అంది. మా పెళ్ళైన కొత్తలో అలా పిలిచేది. "కుళాయీ తలుపూ పక్కన పెట్టు. నువ్వు నాకొక మాట బాకీ ఉన్నావు."

"నేనా వదినా?"

"దరువు పుట్టిన ఏడాది. పిల్లని నా దగ్గర వదిలి స్నానానికి వెళ్ళేదానివి, కొట్టుకి వెళ్ళేదానివి. ఉన్నట్టుండి మానేశావు. ఎక్కడికెళ్ళినా చంకనేసుకునే తిరిగావు. నేను చేతులు చాపితే పాలవేళ అన్నావు, నిద్రవేళ అన్నావు. ఏమైందని అడిగితే, ఏం లేదు వదినా అన్నావు. ఆ మాట నాకింకా రావాలి. అది ఇచ్చెయ్, వెళ్ళిపోతాను."

ఈ సంగతి నాకూ తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాను, రోజూ ఆ పిల్లని ఎత్తుకున్నాను. తెలియదు.

బల్ల మీద పెట్టిన అరచేతిని అక్కయ్య చటుక్కున తీసింది. "ఫోను," అంది. మోగకుండా పెట్టిన దరువు ఫోను చెక్కని అదరగొడుతోంది. దరువు చూసి, "మేడమ్," అని, దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎత్తలేదు. అలాగని పంపాల్సింది పంపనూ లేదు.

"అదేం లేదు వదినా," అంది మా ఆవిడ, ఒక్కొక్క మాటే విడదీసి, పెదవులు బాగా కదిలిస్తూ. అక్కయ్యతో ఆవిడ ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. "మీరు అనవసరంగా ఏదో ఊహించుకుని..."

తెర మీద ఎర్రటి అక్షరాలు మెల్లిగా తేలాయి. 'అమ్మ. తన గొంతు కాదు. దూది చుట్టిన గొంతు.'

మా ఆవిడ చదివింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "నోరు మూసుకో దరువూ," అంది.

"నేను మాట్లాడలేదమ్మా."

"అయితే చేతులు మూసుకో." ఆ విసురులోనే అక్కయ్య వైపు తిరిగింది. "ఏడ్చింది వదినా. పిల్ల ఏడ్చింది. నీ వెనకే."

అక్కయ్యని ఎప్పుడూ మీరు అనేది. ఆ మర్యాద ఎక్కడ జారిపడిందో ఆవిడకే తెలియదు. మాటలు విడదీయడం కూడా మానేసింది. మామూలుగా, నాతో పోట్లాడేటప్పటిలా, గబగబా వస్తున్నాయి. అక్కయ్య ముందుకు వంగింది.

"తలకి పోసుకుంటున్నాను. ఏడుపు వినబడింది. వదిన ఉందిగా అనుకున్నాను. ఇంకా ఏడుస్తోంది. ఇంకా ఏడుస్తోంది. కళ్ళ నిండా సబ్బు, ఒంటికి తడిబట్ట చుట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఊయల్లో గుక్కపట్టి నీలబడిపోయింది. నువ్వు అటు తిరిగి మిషను తొక్కుకుంటున్నావు. ఏదో పాడుకుంటున్నావు కూడా."

"మంచం మీదైతే తెలిసేది," అంది అక్కయ్య మెల్లిగా. "ఊయల గాల్లో ఉంటుంది."

"అవన్నీ అప్పుడు నాకేం తెలుసు? నేనూ చిన్నదాన్నే. నీ మీద అరవాలనిపించింది. వెనక నుంచి అరిస్తే నీకు వినబడదు. ఎదురుగా వచ్చి అరవాలంటే నీ మొహం చూడాలి. ఆ పాడుకుంటున్న మొహం చూసి ఎలా అరవను? పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాను. అంతే. ఆ తరవాత నీ దగ్గర వదలాలంటే నా కాళ్ళు ఆడలేదు."

"అరవాల్సింది."

"ఇప్పుడు అరుస్తున్నానుగా."

నిజంగానే అరుస్తోంది. పక్కింటాయన ఈసారి తొంగి చూడలేదు గానీ, అక్కడ రేడియో నోరు మూసింది. దరువు చేతులు ఒళ్ళో ఉన్నాయి. తెర ఖాళీగా వెలుగుతోంది. ఊయల్లో గుక్కపట్టిన పిల్ల తనే కాబట్టి, ఏం రాయాలో దానికీ తోచినట్టు లేదు.

అక్కయ్య తన కాళ్ళ వంక చూసుకుంది.

"అప్పుడే చెప్పుంటే," అంది, "ఊయలకి ఒక తాడు కట్టి, రెండో కొస నా కాలి వేలికి ముడేసుకునేదాన్ని. పిల్ల కదిలితే నా వేలు కదిలేది."

మా ఇద్దరికీ అది ఎన్నడూ తట్టని ఉపాయం. దుకాణం నిండా తాళ్ళే.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది అక్కయ్య. "చెవిటిదాని ఒళ్ళో పెరిగితే పిల్లకి మాటలు రావని ఎవరో నీకు చెప్పుంటారనుకున్నాను. నా గాలి సోకకూడదని తీసుకుపోతున్నావనుకున్నాను. నిజమేనా అని రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని. నువ్వు పక్కగదిలోనే ఉండగా, పాపం ఆయన్ని ఎందుకు విసిగించానో."

"అలా అనుకున్నావా వదినా?" మా ఆవిడ గొంతు సగం పడిపోయింది. అక్కయ్యకి ఆ తేడా తెలియదు. పెదవులు మాత్రం చదివింది. "ఇన్నాళ్ళూ అలా అనుకునే మాకు అన్నం వడ్డించావా?"

"అనుకోనా మరి? నువ్వేమో ఏం లేదంటివి."

మా ఆవిడ కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. అక్కయ్యకి కనబడాలని, మళ్ళీ మొహం వెలుతురులోకి పెట్టింది.

"నువ్వంటే రోత కాదు. భయమేసింది. పిల్లకేమవుతుందోనని భయమేసింది. ఆ మాట చెబితే నువ్వు విరిగిపోతావని ఇంకా భయమేసింది. ఇదీ నేను నీకు చెప్పాల్సింది. ఇంకేం దాచుకోలేదు."

అక్కయ్య ఆ పెదవుల్ని, మాట అయిపోయాక కూడా కాసేపు చూసింది.

"ముట్టింది," అంది. దుకాణానికి సరుకు దిగినప్పుడు బట్ట తాను విప్పి, వెలుతురుకి పట్టి చూసుకుని, మూట తెచ్చినవాడితో అనే మాట అది. ఎంత పైకి అందో తనకి తెలియదు. ఇంటికంతా వినబడింది.

తరవాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కుర్చీలో సంచిని తీసి నేల మీద పెట్టింది. విప్పలేదు. ఖాళీ అయిన కుర్చీని మా ఆవిడకి చూపించింది.

"అందులో కూర్చో. నేను నీకు బాకీ ఉన్న మాట కూడా ఒకటుంది."

మా ఆవిడ నా వంక చూసింది. నాకేం తెలుసు? వెళ్ళి కూర్చుంది. వెలుతురు తన మొహం మీద పడేలా అక్కయ్య ఆవిడకి ఎదురుగా నిలబడింది.